ఇంకొంచెం వేసుకో ఎత్తోరే

అమెరికాలోని షామ్‌బర్గ్ మీద జులై ఎండ నిప్పులు చెరుగుతోంది. మాల్ పార్కింగ్ లాట్‌లో ఇంజన్ ఆన్‌లో ఉన్న ప్రతి కారూ ఏసీ పెట్టుకుని గుర్రుమంటుంటే, ఒక్క పాత క్యామ్రీ మాత్రం అద్దాలన్నీ బిగించుకుని, హీటర్ చివరిదాకా తిప్పుకుని నిలబడి ఉంది. లోపల ఇద్దరు మనుషులు ఉడుకుతున్నారు. స్టీరింగ్ ముందున్న శ్యామ్‌సుందర్ ఉడకడం జీతం కోసం. పక్క సీట్లో ప్లాస్టిక్ సూటు, దాని మీద రెండు స్వెట్టర్లు, నెత్తిన ఉన్ని టోపీ వేసుకున్న ఎత్తోరే బస్సాని ఉడకడం బరువు కోసం.

రేపటి బాక్సింగ్ పోటీకి ఇవాళ నాలుగింటికి తూకం. నూట డెబ్బై అయిదు పౌండ్లు దాటకూడదు. బరిలోకి దిగాలంటే ముందు బరువు దిగాలి. పొద్దున శ్యామ్‌సుందర్ ఇంట్లో మెషిన్ ఎక్కితే నూట డెబ్బై తొమ్మిది చూపించింది. ఇప్పుడు టైము రెండు దాటింది. డిక్కీలో తెచ్చుకున్న అదే మెషిన్ నూట డెబ్బై ఏడంటోంది. ఆ మిగిలిన రెండూ చెమటగానో ఉమ్ముగానో బయటికి రావాలి. ఎత్తోరే చూయింగ్ గమ్ నములుతూ, ఊరిన ఉమ్మిని ప్లాస్టిక్ గ్లాసులోకి వదులుతున్నాడు. గంట క్రితం గ్లాసు చకచకా నిండింది. ఇప్పుడు దవడలు ఆడుతున్నాయి గానీ బొట్టు రాలడంలేదు.

"జోక్ చెప్పు శ్యామ్," అన్నాడు కళ్ళు మూసుకునే. ఇద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషే, ఎవరి ఊరి ఇంగ్లీషు వాళ్ళది.

శ్యామ్‌సుందర్‌ని అడిగి జోకులు చెప్పించుకోవాల్సిన అవసరం ఎవరికీ ఎన్నడూ రాలేదు. మాటని మాటతో ముడేసి, ముడి తానే విప్పి, విప్పినందుకు తానే అందరికంటే గట్టిగా నవ్వే మనిషి. ఎనిమిది రోజుల కిందట ఎయిర్‌పోర్ట్‌లో ఈ ఆరడుగుల ఇటలీ మనిషిని చూడగానే, "లైట్ హెవీ వెయిట్ అంటే ఏంటండీ? లైట్ తీస్కోవాలా, హెవీగా ఫీలవ్వాలా?" అన్నాడు. ఎత్తోరేకి అర్థం కాకపోయినా నవ్వాడు. "పేరే ఎత్తోరే. ఇక చెయ్యి ఎత్తడం మనం నేర్పాలా!" అని భార్య మీనాకి పరిచయం చేశాడు. మీనా ఆ పూటనుంచే 'ఎత్తోరు బాబు' అని పిలవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు మాత్రం శ్యామ్‌సుందర్ నోట్లో తడి లేదు. జోకు కూడా రాలేదు.

ఇరవై ఏళ్ళు ఇతరుల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టి బతికినవాడు. రెండేళ్ళ కిందట కంపెనీ ఇతన్నే తప్పు కింద పట్టి తీసేసింది. యాభై రెండేళ్ళవాడి రెజ్యూమె ఎవరూ తెరవలేదు. చివరికి రఘువీర్ పిలిచి ఈవెంట్స్ మేనేజర్ అన్నాడు. మేనేజర్ అంటే డ్రైవర్, పోస్టర్లు అంటించేవాడు, కుర్చీలు సర్దేవాడు. రఘువీర్ ఒకప్పుడు సినిమావాళ్ళని తెచ్చి స్టేజి షోలు చేసేవాడు. వాళ్ళ రేట్లు పెరిగేసరికి, ఇక్కడే పుట్టి గ్లవ్స్ తొడిగిన మానవ్ అనే మన కుర్రాడు కంటబడ్డాడు. 'మన తెలుగోడి పంచ్' అన్న పోస్టర్ పడగానే టికెట్లు పప్పుబెల్లాల్లా పోయాయి. శనివారాలు వధూవరులు ఉంగరాలు మార్చుకునే బాంక్వెట్ హాల్లోనే శుక్రవారాలు రింగ్ వేస్తున్నారు. మానవ్ ఆరు ఆడి ఆరూ గెలిచాడు. ఏడోదీ గెలవాలి. గెలిచేవాడికి ఎదురుగా ఓడేవాడొకడు ఉండాలి గదా. ఆ ఓడేవాడు ఎవడో అనామకుడైతే జనం ఒప్పుకోరు. పాత పేరుండాలి, కొత్త బలం ఉండకూడదు.

అలాంటివాడే ఎత్తోరే. ఇటలీలోని టరాంటోలో ఉక్కు ఫ్యాక్టరీ పొగ కింద పుట్టాడు. తండ్రి కొలిమి దగ్గర పనిచేసి దగ్గుతోనే రిటైరై దగ్గుతోనే పోయాడు. పదమూడో ఏట చర్చి కింది గదిలో గ్లవ్స్ తొడిగాడు, ఇరవై ఆరుకి ఇటలీ ఛాంపియన్. ఊరంతా భుజాల మీద మోసింది. ఏడాది తిరగ్గానే కుడిచెయ్యి ఎముక విరిగింది. అది పూర్తిగా అతక్కముందే జర్మనీలో యూరప్ టైటిల్‌కి ఛాన్స్ వస్తే, మళ్ళీ రాదేమోనని వెళ్ళి ఓడాడు. ఆ తర్వాత కూడా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. గెలవమని మాత్రం ఎవరూ పిలవలేదు. మాంచెస్టర్, హాంబర్గ్, ఏ ఊళ్ళో కుర్రాడు పైకి రావాలన్నా మెట్టు కింద ఇతన్ని వేశారు. ఈ ఏడాది మొదట్లో, ముప్పై ఆరేళ్ళకి, అమెరికా చేరి ఊరూరా ఆడుతున్నాడు. వీసా రఘువీర్ కంపెనీ పేరు మీద ఉంది. వద్దని అంటే తిరుగు విమానమే. హెచ్-వన్ మీద పదేళ్ళు నలిగిన శ్యామ్‌సుందర్‌కి అది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

"తిండి పెట్టడంలో మా అమ్మా ఇంతే," అన్నాడు ఎత్తోరే ఉన్నట్టుండి. "మీనాలాగే. వద్దంటే ఏడుస్తుంది. వద్దనడం నాకు రాదు."

శ్యామ్‌సుందర్ చెమట తుడుచుకునే నెపంతో ముఖం దాచుకున్నాడు.

"హోటల్ దండగ అన్నా, మీ ఇంట్ల పెట్టుకో, మన మర్యాద ఏందో చూపించు," అన్నాడు రఘువీర్. చూపించారు. పంచ్‌లు తినేవాడికి పంచభక్ష్యాలు అంటూ శ్యామ్‌సుందరే ఊరించాడు. మొదటి రోజు ఉడికించిన చికెన్ ముక్కలు డబ్బాలో తెచ్చుకుని టేబుల్ చివర కూర్చున్నాడు ఎత్తోరే. మీనాకి ప్రాణం ఉసూరుమంది. "అయ్యో, ఆ చప్పిడి కూడేంటండీ, పథ్యం తినే మనిషిలాగా!" అంటూ వేడన్నం, ముద్దపప్పు, ఆవకాయ వడ్డించింది. మర్నాడు పులిహోర. ఆ మర్నాడు గోంగూర మాంసం, వడియాలు, ఊరమిరపకాయలు. ఎత్తోరే రెండు తెలుగు మాటలు నేర్చుకున్నాడు. గరిటె దగ్గరికొచ్చినప్పుడు మీనా అనే 'ఇంకొంచెం' ఒకటి. తాను అనాల్సిన 'చాలు' రెండోది. రెండరచేతులూ కంచం మీద అడ్డుపెట్టి "చాలు, చాలు" అనేవాడు. "అబ్బో, ఎంత ముద్దుగా అన్నాడండీ!" అంటూ చేతుల సందులోంచి మరో ముద్ద జారవిడిచేది.

నాలుగో రోజు చీలమండలు వాచాయి. "ఉప్పు ఎక్కువా శ్యామ్? నీళ్ళు ఒంట్లోనే నిలబడుతున్నాయి," అని మెల్లగా అడిగాడు ఎత్తోరే. శ్యామ్‌సుందర్ "మా ఉప్పు తిన్నాక విశ్వాసం ఉండాలి గదయ్యా!" అని భుజం చరిచాడు. నవ్వాడు కూడా. మీనాతో ఒక్క మాట చెప్పాలనిపించింది, చెప్పలేదు. మనసులో ఎక్కడో ఒక చిన్న పురుగు తొలిచింది. పెట్టమన్నది రఘువీరే గదా, జీతమిచ్చేదీ అతనే గదా అని దాని నోరు నొక్కేశాడు.

"మార్చిలో కూడా ఇలాగే ఎండాను," అన్నాడు ఎత్తోరే. పెదవులు తెల్లగా పొక్కులు లేచి ఉన్నాయి. "ఇండియానాలో. ఎనిమిది రౌండ్లూ నిలబడ్డాను. బావుంది. మర్నాడు ఇంటికి ఫోన్ చేస్తే పాప వచ్చింది. పేరు దొరకలేదు."

"ఎవరి పేరు?"

"పాప పేరు. నా కూతురి పేరు." నవ్వబోయాడు, పెదవి చిట్లింది. "సాయంత్రానికి దొరికిందిలే. అందాకా బంగారం, బంగారం అని లాక్కొచ్చాను. దానికి తెలియలేదు."

శ్యామ్‌సుందర్‌కి కురిడీ కొబ్బరికాయ గుర్తొచ్చింది. నీళ్ళున్నంతసేపూ కాయ నిబ్బరంగా ఉంటుంది. నీళ్ళింకాక చెవి దగ్గర పెట్టి ఊపితే, లోపలి కొబ్బరి చిప్పకి తగిలి లొడలొడమంటుంది. రేపు ఈ తలని ఊపబోయేది ఇరవై రెండేళ్ళ మానవ్. చూడబోయేది టికెట్ కొన్న మన జనం. ముందు వరసలో పట్టుచీర కట్టుకుని మీనా కూడా ఉంటుంది.

ఫోన్ మోగింది. కారు స్పీకర్‌లోంచి రఘువీర్ గొంతు వచ్చింది.

"అన్నా, ఏడిదాక వచ్చింది?"

"ఇంకా రెండుంది. మనిషి అయిపోతున్నాడు రఘూ. ఉమ్ము కూడా రావట్లేదు. ఫైట్ పోస్ట్‌పోన్ చెయ్యి."

"గదేంది అన్నా! హాల్ ఫుల్ అయింది. ఓవర్ వెయిట్ వస్తే వానికిచ్చే పైసలల్ల సగం కట్, నాలుగు వేలల్ల రెండు పోతయ్. మీదికెల్లి నేను వీసా రెన్యూ చెయ్య. చెప్పు వానికి."

"వాడికి తెలుసు." శ్యామ్‌సుందర్ గొంతు సవరించుకున్నాడు. "రఘూ, ఒక్కటి అడుగుతాను. పోయిన షోకి పోలండ్ అతన్ని కూడా వెంకటస్వామి గారింట్లో పెట్టావు గదా. అతనూ తూకంలో ఇలాగే చచ్చిబతికాడు. హోటల్లో ఎందుకు పెట్టవు?"

అవతల చిన్న నవ్వు. "హోటల్‌ల పెడితే సలాడ్ తిని సక్కగుంటరు అన్నా. మనోళ్ళ ఇంట్ల పెడితే మనోళ్ళు ఊకుంటరా?"

"కావాలనే చేశావన్నమాట."

"నేనేం చేసిన? మర్యాద చెయ్యమన్న, అంతే. ఉప్పు నేనేసిన్నా? వదినమ్మ చేతి ఆవకాయకి నన్నంటే ఎట్ల?" గొంతు మెత్తబడింది. "నీకు తెల్వదా అన్నా? తెలిసే ఊకున్నవ్ అనుకున్న. సరే, టైమ్ లేదు. ఇంకొంచెం. ఇంకొంచెం దింపు, అయిపోతది."

లైన్ కట్టయింది.

ఆ సంభాషణంతట్లో ఎత్తోరేకి తెలిసిన తెలుగు మాట ఒక్కటే. ఆ మాట చెవినబడగానే కళ్ళు తెరవకుండానే రెండరచేతులూ లేచి, ఒళ్ళో లేని కంచం మీద అడ్డంగా పరుచుకున్నాయి.

శ్యామ్‌సుందర్ ఆ చేతుల వైపు చూశాడు. కుడిచేతి మెటికల దగ్గర సరిగా అతకని ఎముక గోళీకాయలా పైకి తేలి ఉంది. తెలిసే ఊకున్నవ్ అనుకున్న. కాదని ఫోన్లో అనడానికి సగం క్షణం చాలు. ఆ సగం క్షణమూ తన నోరు మూసుకునే ఉంది. ఎన్ని మాటలు తిప్పగల నోరు!

హీటర్ బటన్ ఆపేశాడు.

ఫ్యాన్ చప్పుడు ఆగిన నిశ్శబ్దానికి ఎత్తోరే కళ్ళు తెరిచాడు. అద్దాలు కిందికి దిగుతున్నాయి. బయటి జులై వేడి లోపలికొచ్చి ముఖానికి చల్లగా తగిలింది.

"ఏం చేస్తున్నావ్?"

"ఆపేస్తున్నాను. నువ్వు నీళ్ళు తాగాలి." వెనక సీట్లోంచి సీసా తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు.

"పిచ్చా? రెండే పౌండ్లు శ్యామ్. డబ్బు పోతుంది. వీసా పోతుంది. ముప్పై ఆరేళ్ళవాణ్ణి ఇంకెవడు పిలుస్తాడు? నీకూ జీతం పోతుంది." ఒక్కో మాటా ఎండిన నాలుక మీద అంటుకుపోతూ వస్తోంది. "హీటర్ వెయ్యి. నేనే అడుగుతున్నాను గదా."

అవును. అడుగుతున్నది అతనే. నీళ్ళు తాగితే ఒంటికి మంచిదని చెప్పడం తేలికే. తాగిన తర్వాత ఇతను బతకాల్సిన బతుక్కి శ్యామ్‌సుందర్ చూపించగల దారి ఏదీ లేదు. తిండి పెట్టినప్పుడూ ఇతన్ని అడగలేదు. ఇప్పుడు ఆపేటప్పుడూ అడగడంలేదు. మర్యాద చెయ్యడం, మంచి చెయ్యడం, రెండూ తన ఇష్టమేనా?

"పాప పేరేంటి?" అన్నాడు.

ఎత్తోరే నోరు తెరిచాడు. కనుబొమ్మలు దగ్గరికొచ్చాయి. చూపు విండ్‌షీల్డ్ మీదికి, అక్కణ్ణించి రోడ్డవతల బాంక్వెట్ హాలు మీద గాలికి కొట్టుకుంటున్న మానవ్ బ్యానర్ మీదికి వెళ్ళి వచ్చింది.

"తెలుసు," అన్నాడు. "నాకు తెలుసు. ఒక్క నిమిషం."

నిమిషం గడిచింది. ఎత్తోరే తడుముతున్నట్టుగా చెయ్యి చాపి హీటర్ బటన్ వెతికాడు. శ్యామ్‌సుందర్ దాని మీద తన అరచెయ్యి అడ్డం పెట్టాడు. ఆ చేతి మీద బాక్సర్ చెయ్యి వచ్చి ఆగింది. ఒకప్పుడు ఇటలీ మొత్తంలో ఎదురులేని చెయ్యి. ఇప్పుడది తోయడంలేదు, ఊరికే ఉంది.

బతిమాలే మాట అతనికి తెలుగులో ఒక్కటే తెలుసు.

"ఇంకొంచెం," అన్నాడు ఎత్తోరే. "ఇంకొంచెం, శ్యామ్."

"చాలు," అన్నాడు శ్యామ్‌సుందర్. రెండో చేత్తో తాళం తిప్పి, ఇంజన్ ఆపి, తాళంచెవి పిడికిట్లో బిగించాడు.

నీళ్ళ సీసా ఇద్దరి మధ్యా అలాగే ఉంది. దాని మూత ఇంకా ఎవరూ తీయలేదు.