ఒకే పంజరంలో నాలుగు పిట్టలు

భవానీపురంలో కొత్తగా కొన్న ఫ్లాట్‌లో ఆ సాయంత్రం గృహప్రార్థన. హాల్లో జంఖానా పరిచి, కుర్చీలు గోడవారన సర్దేసరికి మార్తకి నడుం పట్టేసింది. కిటికీ దగ్గర పెద్ద పంజరంలో ఆమె పెంచుకునే బుల్లి చిలకలు, బడ్జీలు రెండూ, ఆకుపచ్చదీ నీలిదీ, ఆపకుండా వాగుతున్నాయి.

ఇబ్రహీంపట్నం నుంచి ఆడపడుచు క్రిస్టినా దిగింది. చేతిలో చిన్న పంజరం, అందులో ఆఫ్రికన్ లవ్‌బర్డ్స్ జంట. బడ్జీల కంటే బొద్దుగా, లావుపాటి ఎర్ర ముక్కులతో ఉన్నాయి.

"ఒంటరిగా వదిలి రాలేక తెచ్చేశానొదినా. మీ పెద్దదాంట్లో పడేద్దాం, నాలుగూ ఆడుకుంటాయ్."

"వద్దమ్మా! ఆ ముక్కుతో పట్టుకుంటే బడ్జీ కాలివేలు తెగి పడుద్ది. అసలు పంజరాలే పక్కపక్కన పెట్టకూడదు, ఊచల్లోంచి కొరికేస్తాయ్."

క్రిస్టినా మూతి ముడుచుకుంది. "అంతేలే. మావి రౌడీలు, మీవి సండేస్కూలు పిల్లలు."

మార్త నవ్వేసి, చిన్న పంజరాన్ని పడగ్గదిలో బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళింది.

చీకటి పడే వేళకి హాలు నిండింది. పాస్టరుగారు మార్తనీ ఆమె భర్త ఫిలిప్‌నీ మధ్యలో మోకరించమన్నారు. చెరో చెయ్యి ఇద్దరి తలల మీదా పెట్టారు. మార్త కొంగు నెత్తిన కప్పుకుని కళ్ళు మూసుకుంది. ఇంటికోసం, నీళ్ళ వసతికోసం, లిఫ్టుకోసం కూడా ఆయన వరసగా దేవుణ్ణి స్తుతిస్తున్నారు.

అప్పుడు వెనకనుంచి ఒక మోటు కీచు వినిపించింది. అది లవ్‌బర్డ్ గొంతు. పడగ్గదిలోంచి రాలేదు, కిటికీ దగ్గర్నుంచి వచ్చింది. తను వంటింట్లో ఉండగా క్రిస్టినా నాలుగింటినీ కలిపేసింది!

బడ్జీల వాగుడు ఠక్కున ఆగింది. రెక్కలు ఊచలకేసి కొట్టుకుంటున్న చప్పుడు. మార్త కదిలింది. ఫిలిప్ మోచేత్తో పొడిచాడు. పాస్టరుగారి చెయ్యి తల మీదుండగా ఎవరు లేస్తారు? సంఘంలో ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి చెప్పుకోరూ?

మళ్ళీ కీచు. ఈసారి సన్నగా, ఏడుపులా. తన పిట్టే. మార్త ఒళ్ళంతా వణికింది. పరిశుద్ధాత్మ తాకిందనుకుని పాస్టరుగారు చెయ్యి ఇంకా గట్టిగా అదిమి గొంతు పెంచారు. హాలంతా "హల్లెలూయా!" అంటూ హోరెత్తింది. ఆ హోరులో పిట్ట గొంతు మునిగిపోయింది.

మార్త చటుక్కున తల వంచి, ఆయన చేతి కిందనుంచి తప్పుకుని పరిగెత్తింది.

ఆకుపచ్చది తలకిందులుగా వేలాడుతోంది. దాని కాలు లవ్‌బర్డ్ ముక్కులో ఉంది. మార్త నెత్తిమీది కొంగు లాగి చేతికి చుట్టి, పంజరంలోకి పెట్టి లవ్‌బర్డ్‌ని పట్టుకుంది. అది బడ్జీని వదిలి, గుడ్డలోంచే ఆమె బొటనవేలు కొరికింది. మార్త పట్టు సడలించలేదు.

"క్రిస్టినా! నీ పంజరం తే!"

ప్రార్థన ఆగిపోయింది. అందరి కళ్ళూ తెరుచుకున్నాయి. క్రిస్టినా తన పంజరంతో ఉరుక్కుంటూ వచ్చి ఆ లవ్‌బర్డ్‌ని అందుకుంది, రెండోదాన్ని తనే పట్టుకుంది. మార్త ఆకుపచ్చదాన్ని గుప్పిట్లో పెట్టుకుని వంటింట్లోకి నడిచింది. దాని కాలివేలి కొస లేదు. నెత్తురు కారుతోంది. పిట్ట ఒంట్లో ఉండేదే చెంచాడు. పసుపు అద్ది గట్టిగా నొక్కి పట్టింది.

ఫిలిప్ గుమ్మంలోకొచ్చాడు. "మార్తా, పాస్టరుగారు ఆగిపోయారు. రా."

"కానివ్వమనండి. నేను చెయ్యి తీస్తే ఇది చచ్చిపోద్ది."

అతను ఆమె వేళ్ళ సందుల్లో ఎరుపు చూసి వెళ్ళిపోయాడు. కాసేపటికి హాల్లో ప్రార్థన మొదలైంది. క్రిస్టినా వచ్చి పక్కన నిలబడింది.

"చూడ్డానికి బాగుంటాయనుకున్నానొదినా... ఆగిందా?"

మార్త ఊపిరి బిగబట్టి వేలు ఎత్తింది. ఎరుపు ఊరలేదు. పిట్ట కుంటికాలిని పొట్ట ఈకల్లోకి ముడుచుకుంది.

"ఆగింది. నీవాటి గది తలుపెయ్యి."

"వేశానొదినా. గొళ్ళెం కూడా పెట్టా."