గొంతు నాన్నది

నాన్న పోయి తొమ్మిదేళ్ళయింది. మొన్న మంగళవారం పదకొండు గంటలప్పుడు, గుడివాడలో నా కుట్టు షాపులో ఆయన మాట్లాడాడు.

జాకెట్టు కొలతలివ్వడానికి వచ్చిన లిఖిత అనే కాలేజీ పిల్ల ఫోనులో ఏదో ర్యాప్ వింటోంది. "బందరు కుర్రాడిది ఆంటీ, మీకిలాంటివి ఇష్టం కదా, వినండి" అని ఫోను నా చెవి దగ్గర పెట్టింది. నాలుగు డ్రమ్ము దెబ్బలు పడ్డాయి. ఆ వెనకే మా నాన్న:

"గాలి మారింది గంగయ్యా! గొడ్డుని విప్పెయ్ రంగయ్యా! పెట్టె పోతే పెట్టొస్తుంది, పిల్ల పోతే రాదయ్యా!"

కొలతల టేపు చేతిలోంచి జారిపోయింది. "ఇది ఎవడు దొంగిలించాడు?" అని అరిచాను. ఆ పిల్ల బెదిరిపోయి ఫోను వెనక్కి లాక్కుంది. కొలతలివ్వకుండానే వెళ్ళిపోయింది.

మా నాన్న పేరు ఏసుపాదం. దివిసీమలో, కోడూరు చుట్టుపక్కల, మైకు ఏసుపాదం అంటే తెలియనివాళ్ళు లేరు. రిక్షాకి ముందొక కోను స్పీకరు, వెనకొక బ్యాటరీ. కొత్త సినిమా వచ్చినా, చీరల కొట్లో తగ్గింపు పెట్టినా, ఎవరి గేదె తప్పిపోయినా, తుఫాను వస్తున్నా ఆ కబురు ఊరికి చేర్చేది ఆయనే. చదువు అయిదో తరగతి దాటలేదు. కాగితం చూసి చదివేవాడు కాదు. మాటకి మాట అతికించి, ప్రాస కట్టి చెప్పేవాడు. ఆయన రిక్షా వస్తోందంటే ఆడవాళ్ళు పొయ్యి మీద కూర వదిలేసి గుమ్మంలోకి వచ్చేవాళ్ళు.

బడి లేని రోజుల్లో బ్యాటరీ పట్టుకుని వెనక కూర్చునేదాన్ని నేనే. అన్నయ్య జయంత్‌కి సిగ్గు, ఎక్కేవాడు కాదు. నాన్న ఎక్కడ గొంతు పెంచుతాడో, ఎక్కడ ఒక్క క్షణం ఆగి జనాన్ని ఊరిస్తాడో, ఎక్కడ ఊపిరి దొంగతనంగా లోపలికి లాగుతాడో, ఎక్కాల కంటే ముందు అవే నాకు కంఠతా వచ్చాయి.

పదమూడో ఏట బందరు కోనేరు సెంటర్లో ఫుట్‌పాత్ మీద పేరు చిరిగిపోయిన ఒక క్యాసెట్టు కొనుక్కొచ్చాను. అమెరికా ర్యాప్. ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ వాడెవడో ఊపిరి లాగే చోట నాకు ఒళ్ళు జలదరించింది. నాన్న మూడుసార్లు వేయించుకుని విన్నాడు.

"మనోడేనే రాహేలూ! మా పనోడే, అనుమానం లేదు. కానీ పని సరిగ్గా రాదు. ఇంతసేపు చెప్పాడా, షాపు పేరు చెప్పలేదు, అడ్రసు చెప్పలేదు" అన్నాడు జాలిగా.

వంటింట్లోంచి అమ్మ, "ఆ గోల కట్టెయ్యండి" అంది. ఆ రోజుతో మా ఇంట్లో రెండు పార్టీలు తేలిపోయాయని నేను నిర్ణయించేసుకున్నాను. ఇటు నేనూ నాన్నా, అటు అమ్మ. అన్నయ్య ఏ పార్టీలోనూ లేడు. అందుకే వాడంటే నాకు మొదటినుంచీ నమ్మకం తక్కువ.

ఇప్పుడు నాకు నలభై మూడేళ్ళు. జాకెట్లు కుడుతూ చెవుల్లో ర్యాప్ పెట్టుకునే దర్జీని గుడివాడలో నేనొక్కదాన్నే. నా భర్త నవ్వుతాడు, నా కూతురు దాక్కుంటుంది. ఇదంతా నాన్న నాకిచ్చిన ఆస్తి అని అందరికీ చెప్పుకుంటాను. ఆయన గొంతు ఉన్న క్యాసెట్టు ఒక్కటే మిగిలింది. ఒక తుఫానప్పుడు జీపుల్లో తిప్పడానికి తాసీల్దారు ఆఫీసువాళ్ళు రికార్డు చేయించిన ఆ గంగయ్య మాటలే. అరిగిపోతుందని నేనే రెండుసార్లకి మించి వినలేదు. మొదటి సంవత్సరం జ్ఞాపకార్థ కూడికలో ఒక్కసారి వేద్దామని అన్నయ్య బతిమాలాడు. కుదరదన్నాను. బీరువాలో, పెళ్ళి చీర కింద ఉంటుంది. తాళం నా మెళ్ళో ఉంటుంది.

ఆ మంగళవారం షాపు మూసేసి ఇంటికి పరిగెత్తి బీరువా తీశాను. క్యాసెట్టు ఉంది. కానీ రెండో వైపు పైకి ఉంది. నేనెప్పుడూ మొదటి వైపే పైకి పెడతాను. కిందటి క్రిస్మస్‌కి అన్నయ్య వచ్చి రెండు రోజులున్నాడు. నేను స్నానానికి వెళ్తూ గొలుసు తీసి అద్దం దగ్గర పెట్టాను. ఇంకేం కావాలి? వాడూ అమ్మా ఉండేది బందరు చిలకలపూడిలో, వాడిది కవరింగు నగల పని. పాట పాడిన అబూబకర్‌ది కూడా చిలకలపూడే అని ఫోనులోనే రాసి ఉంది. అన్నీ అతికినట్టు సరిపోయాయి.

చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆ పాట పది సార్లు విన్నాను. విన్నకొద్దీ ఒళ్ళు మండింది. నాన్న ప్రతి మాటకీ ముందు, చాలా సన్నగా, ఒక ఆడగొంతు అదే మాట గొణుగుతోంది. నా క్యాసెట్టులో అలాంటిదేమీ లేదు. అంటే దొంగిలించింది చాలక కల్తీ కూడా చేశారన్నమాట. ఎవరో పిల్లని తెచ్చి నాన్న పక్కన నిలబెట్టారు. పాట కింద వందలమంది "ఆ గొంతెవరిది బ్రో?" అని అడుగుతున్నారు. ఒక్కడూ జవాబు రాయలేదు. దొంగసొత్తుకి పేరెలా పెడతారు?

అన్నయ్యకి ఫోను చేశాను.

"నాన్న గొంతు ఆ కుర్రాడికి ఎవరిచ్చారు?"

"నేనివ్వలేదు" అన్నాడు.

"మరెవరు?"

"నేనివ్వలేదని చెప్పాను కదే. అంతకంటే అడగమాకు."

"అంటే నీకు తెలుసు."

"రాహేలూ, వదిలెయ్."

వదిలెయ్ అన్నవాడి దగ్గరే దొంగసొత్తు ఉంటుందని నా లెక్క. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇక్కడ రాయాలంటే సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. "నాన్న సమాధి మీద రాయి కూడా ఊడదీసి అమ్ముకుంటావు నువ్వు" అన్నాను. వాడు ఫోను పెట్టేశాడు.

మర్నాడు పొద్దున్నే బందరు బస్సెక్కాను. ఎక్కబోతూ, "మీ ఊరే వస్తున్నా, అందరి సంగతీ తేలుస్తా" అని అన్నయ్యకి మెసేజి కూడా పెట్టాను. పెడన దాటేదాకా మళ్ళీ ఆ పాటే వింటూ కూర్చున్నాను, ఆ ఆడగొంతు ఎవరిదో పట్టుకుందామని. ఎక్కడో విన్నట్టే ఉంది. ఏ టీవీలోనో అయి ఉంటుందనుకున్నాను.

అబూబకర్ ఇరవై రెండేళ్ళ కుర్రాడు. పగలు కవరింగు గాజులకి మెరుగు పెడతాడు. మేడమీద గదిలో చప్పుడు బయటికి పోకుండా గోడలనిండా కోడిగుడ్ల అట్టలు అంటించుకుని పాటలు చేస్తాడు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"కూర్చోండి ఆంటీ. మీరు వస్తారని చెప్పారు."

"ఎవరు చెప్పారు?"

తల వంచుకున్నాడు. "పేరు చెప్పనని మాటిచ్చానండి."

"మా అన్నయ్యేగా?"

"కాదండి."

"అల్లా మీద ఒట్టేసి చెప్పు."

"ఒట్లు వెయ్యనండి, నిజమే చెప్తున్నాను." బిక్కమొహం పెట్టాడు. చూస్తే అబద్ధాలాడే మొహంలా లేదు. అలాంటి మొహాలనే నేను అసలు నమ్మను.

"ఆ ఆడపిల్ల ఎవరు? మా నాన్న మాటల మీద గొణగమని ఎవరు చెప్పారు దానికి?"

వాడు నన్ను వింతగా చూశాడు. "నేనేం కలపలేదండి. క్యాసెట్టులోనే ఉంది. తీసేద్దామని చాలా ట్రై చేశాను, సన్నబడింది గాని పోలేదు. మీకు... మీకు తెలియలేదా ఆంటీ?"

"ఏం తెలియాలి?"

కంప్యూటర్లో ఏదో నొక్కాడు. డ్రమ్ములు లేవు, పాట లేదు. గిన్నెల చప్పుడు, ఎక్కడో కోడి కూత. ఆ తరవాత ఒక ఆడగొంతు, గట్టిగా, తీరుబడిగా:

"'పెట్టె పోతే పెట్టొస్తుంది.' అనండి."

"పెట్టె పోతే పెట్టొస్తుంది, పిల్ల పోతే రాదయ్యా" అన్నాడు నాన్న.

"అట్టా కాదు. ఒకటే పరుగు పెట్టమాకండి. 'పెట్టొస్తుంది' దగ్గర ఆగండి. నవ్వుకోనివ్వండి జనాన్ని. ఊపిరి పీల్చుకోండి. అప్పుడు, 'పిల్ల పోతే రాదయ్యా.' అక్కడ గొంతు దించాలి. అరిస్తే ఎవడికీ భయం పుట్టదు."

నాన్న మళ్ళీ అన్నాడు. ఈసారి ఆగాడు, ఊపిరి పీల్చాడు, గొంతు దించాడు. నేను రిక్షా వెనక కూర్చుని నేర్చుకున్నది సరిగ్గా అదే.

"ఆఁ, ఇప్పుడు వచ్చింది" అంది అమ్మ.

నాన్న బయల్దేరే ముందు రోజూ వంటింట్లో తలుపేసుకుని ఇద్దరూ ఏదో గొణుక్కోవడం నాకు తెలుసు. అమ్మ సాధిస్తోందనుకునేదాన్ని. పాపం నాన్న, అనుకునేదాన్ని. అమ్మ గొంతు నేను పది సార్లు విని, బస్సులో మళ్ళీ విని, ఎవరో పరాయిదానిది అనుకున్నాను.

"ఇలాంటివి ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయండి" అన్నాడు అబూబకర్. "మామ్మగారు రాత్రంతా టేపులో చెప్పి పెడితే తాతగారు తెల్లారగట్ల విని బట్టీ పట్టేవారంట. మా అమ్మ దగ్గరికి రాళ్ళు అతికించడానికి వస్తారు కదా, నా పాట విని, 'నువ్వు ఊపిరి తప్పుడు చోట తీస్తున్నావురా అబ్బాయ్' అన్నారు. అట్టా మొదలైందండి."

అంటే నా బీరువాలో క్యాసెట్టుని కిందటిసారి తిరగేసి పెట్టింది నేనే అయి ఉండాలి. అన్నయ్య ఇల్లు అక్కడికి మూడో ఇల్లు. అమ్మ వరండాలో పీట మీద కూర్చుని జూకాలకి ఎర్రరాళ్ళు అతికిస్తోంది. డెబ్బై దాటినా చెయ్యి వణకదు. నన్ను చూసి పని ఆపలేదు.

"విన్నావా?" అంది.

"ఎందుకు చెప్పలేదు?"

"ఏం చెప్పాలి? మీ నాన్న ఊళ్ళన్నీ తిరిగి గొంతు పోగొట్టుకున్నాడు. ఆడదాని మాటలని తెలిస్తే మైకు ముందు ఎవడూ నిలబడడని నేనే ఆయన నోరు కట్టేశాను. చచ్చిపోయే ముందు చెప్తానన్నాడు. వద్దన్నాను."

"నాకైనా చెప్పొచ్చుగా."

"నీకా? ఆయన గొంతు ఒక్కసారి వింటానని ఆ కూడికనాడు నీ అన్న అడిగింది వాడికోసం అనుకున్నావా? నేనడిగించాను. ఇవ్వలేదుగా నువ్వు. అప్పుడు నా పెట్టె నేను వెతుక్కున్నాను. నా మాటలు ఎవరికివ్వాలో నేను నిన్నడగాలా?"

"మరి నా అమెరికా క్యాసెట్టు పెట్టినప్పుడల్లా గోల అనేదానివి!"

"గోల అనే అన్నాను. వాడెవడో ఊపిరి తీసుకున్నట్టే తెలియనివ్వలా. మీ నాన్నకి అది పదేళ్ళు చెప్పినా రాలేదు. కుళ్ళుకున్నానే." అమ్మ ఇంకో రాయి తీసింది. "నువ్వు మాత్రం ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు, అమ్మా నువ్వూ విను అన్నావా?"

అనలేదు. అప్పటికైనా నేను ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఉండాల్సింది. కానీ నా బుద్ధి ఎక్కడికి పోతుంది? పెద్దవాళ్ళు ఎవరివో పాత మాటలు పోగేసి తమవేనని చెప్పుకోవడం లేదా అని ఒక పురుగు తొలిచింది.

"ఏదీ, ఇప్పుడొకటి చెప్పు చూద్దాం" అన్నాను.

అమ్మ తలెత్తలేదు. రాయి అతికించి, బొటనవేలితో నొక్కి, మెల్లిగా అంది:

"మాట నాది, గొంతు ఆయనది,
ఊళ్ళో పేరు ఒక్కరిది.
అన్నని దొంగన్నావు, అడక్కుండానే;
అమ్మని తూచావు..."

అక్కడ ఆగింది. ఊపిరి పీల్చింది. గొంతు దించింది.

"...నమ్మకుండానే."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడ్చాను. వీధిలో పోయేవాళ్ళు చూస్తున్నా ఏడ్చాను. అమ్మ ఓదార్చలేదు. ఓదార్చాలని నేనూ కోరుకోలేదు.

"అన్నయ్యేడీ?" అని అడిగాను.

"నువ్వు బస్సెక్కావని తెలిసి గిలకలదిండి పోయాడు. నువ్వెళ్ళాక వస్తానన్నాడు. చెప్పమాకురా అని నేను ఒట్టు వేయించుకున్న పాపానికి నిన్న నీ నోటినుంచి ఆ మాటలు పడ్డాడు. రాత్రి అన్నం తిన్లా."

ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. ఈసారి ఒక్కసారి మోగగానే కట్ చేశాడు.

"వాడొచ్చేదాకా నేనిక్కణ్ణుంచి కదలను" అన్నాను.

అమ్మ మొదటిసారి పని ఆపి, నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"చూద్దాం" అంది.