కుట్టేసిన పేజీలు

మా అమ్మాయి కెమెరా మెడలో వేసుకుని, కారు నడుపుకుంటూ ఫొటోల కోసం తిరిగే పనిలో పడ్డప్పటి నుంచి నాకు కంటి మీద కునుకు లేదు. ఆ సంగతి అందరికీ తెలుసు. ఎవరికీ తెలియనిది ఇంకోటుంది. మా చెల్లెలంటే నాకు కడుపుమంట.

చెల్లెలు లైబ్రరీలో పనిచేస్తుంది. అమ్మాయి ప్రయాణం పెట్టుకున్నప్పుడల్లా ముందు వాళ్ల పిన్ని దగ్గరికే పరుగెత్తుతుంది. ఇద్దరూ నేలంతా పుస్తకాలు పరుచుకుని కూర్చుంటారు. "కొండలకు వెళ్తున్నావు కదా, కొండల పుస్తకం వద్దు. గది దాటని మనిషి కథ ఏదైనా పట్టుకెళ్లు. అప్పుడు కొండ కొత్తగా కనిపిస్తుంది," అంటుంది చెల్లెలు. ఆ మాటకు అమ్మాయి మొహం వెలిగిపోతుంది. నేను మాత్రలు, టార్చి, గొడుగు, అది పోతే ఇంకో గొడుగు సర్దిపెడితే ఏనాడైనా అలా వెలిగిందా?

దారిలోంచి నాకు ఫోన్ చేస్తే, "చేరాను, తిన్నాను, ఉంటానమ్మా." అంతే. పిన్నితో అయితే కబుర్లకు అంతుండదు. పుస్తకంలో వాన గురించి భలే రాశారట, అందుకే వానలో కారు ఆపుకుని ఫొటోలు తీసిందట. వానలో ఆగిందట! కన్నది నేను, కబుర్లు మా చెల్లెలికి.

ఈసారి ప్రయాణం జలపాతాల వైపు. నాది బట్టలు కుట్టే కొట్టు. బయలుదేరే ముందురోజు చెల్లెలు అక్కడికే వచ్చి, కత్తిరింపు బల్ల మీద ఒక లావుపాటి పుస్తకం పెట్టింది.

"అక్కా, సాయంత్రం అమ్మాయి వస్తే ఇచ్చెయ్యి. ఈసారికి మాత్రం జలపాతాల పుస్తకమే. ఇది చదివితే నీళ్లను చూసే చూపే మారిపోతుంది."

"మారడమెందుకు? దాని చూపు బాగానే ఉంది."

"నీతో ఎవరు పడగలరు! చివరి పేజీ చూసి, అందరూ బతికే ఉన్నారంటేనే కథ మొదలుపెట్టే మనిషివి."

నిజమే. అందులో తప్పేముందో నాకు ఇప్పటికీ తెలియదు.

"పోనీ, ఈసారి పుస్తకం నేను ఎంచిపెడతానే," అన్నాను.

"ఏది, పాముకాటుకు ప్రథమ చికిత్సా?" అని పగలబడి నవ్వింది.

నేను సొరుగు లోపలికి తోశాను. అందులో ఉన్నది అదే మరి.

చెల్లెలు వెళ్లాక, చేతిలో ఉన్న చొక్కా పక్కన పడేసి ఆ పుస్తకం తెరిచాను. నా చదువు అంతంతమాత్రం. వేలు పెట్టుకుని చదువుతాను. జలపాతాల ఫొటోలు తీసే ఒకావిడ కథ అది. పదో పేజీకి వచ్చేసరికి ఆవిడ కెమెరాలో కన్ను పెట్టి, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తోంది. వెనకాల పాచి పట్టిన బండ. కాలు జారింది.

గబగబా చివరి పేజీ తిప్పాను. అందులో మనుషులే లేరు. ఒట్టి నీళ్ల చప్పుడు గురించే రాసి ఉంది. ఆవిడ ఉన్నట్టా, పోయినట్టా?

చింపేద్దామంటే లైబ్రరీ పుస్తకం. దాచేద్దామంటే చెల్లెలు అడుగుతుంది. సూది చొక్కాకు గుచ్చి పక్కనే ఉంది. ఆ జలపాతం దగ్గరి కాగితాలన్నీ, కాలు జారిన తర్వాతవి ఇంకో నాలుగు చదవకుండానే కలిపి, అంచుల వెంట కుట్టేశాను. చొక్కా గుండీ కాజాకు వేసినట్టు దగ్గర దగ్గరగా, తెల్లదారంతో. చదవకపోతే అమ్మాయి మనసులో పడదు, మనసులో పడకపోతే జరగదు. భయంతోనే కుట్టాను. కానీ దారం లాగి ముడి బిగిస్తుంటే, మా చెల్లెలి నోరు కుట్టేస్తున్నంత హాయిగా కూడా ఉంది.

అమ్మాయి వెళ్లిన రెండు రోజులకు, కొట్లో ఉండగా ఫోన్ మోగింది.

"అమ్మా, పుస్తకం కుట్టావా?"

"నేనెందుకు కుడతానే? లైబ్రరీలోనే అలా ఉందేమో."

"ఆహా! లైబ్రరీలో కాజాలు కుడుతున్నారా? నా స్కూలు చొక్కాల మీద కుట్టు నేను గుర్తుపట్టలేననుకున్నావా, దొంగమొహమా?"

వెనకనుంచి నీళ్ల హోరు వినిపిస్తోంది. "ఎక్కడున్నావే? బండ మీదా?"

"ముందు ఇది చెప్పు. ఇందులో ఏముంది?"

"ఏమీ లేదు. అచ్చుతప్పులు."

"చెప్పకపోతే మానెయ్యి. పిన్నికి ఫోన్ చేసి కనుక్కుంటా."

చెడు మాట నోటితో అంటే అది జరిగి తీరుతుందని నా భయం. ఇంట్లో ఎవరినీ అననివ్వను. కానీ ఆ కథ మా చెల్లెలు చెప్పడం, ఇద్దరూ కలిసి నా కుట్టు చూసి నవ్వుకోవడం! భయం ఒక పక్క లాగింది, కుళ్లు ఇంకో పక్క లాగింది. కుళ్లుదే పైచేయి అయింది.

చెప్పాను. ఆవిడ చీకటితోనే లేవడం, నీళ్ల మీద ఎండ పడేదాకా కాచుకుని కూర్చోవడం, వెనక ఏముందో చూసుకోకుండా అడుగులు వేయడం, అన్నీ చెప్పాను. నాకు అన్ని మాటలు వచ్చని నాకే తెలియదు.

"ఏమే, ఉన్నావా?"

"ఉన్నానమ్మా. బండ దిగి కారు దగ్గరికి వచ్చేశా." కారు తలుపు పడింది. హోరు సన్నబడింది. "ఊఁ, తర్వాత?"

"తర్వాత నాకూ తెలియదు. చదవకుండానే కుట్టేశాను."

అమ్మాయి పకపకా నవ్వింది. "నువ్వు సర్దిన దాంట్లో కత్తెర ఉండే ఉంటుంది."

"టార్చి పక్కన, మాత్రల డబ్బా కింద. కాగితం చిరగకుండా, మెల్లగా."

ఒక్కో కుట్టూ తెగుతున్న చప్పుడు నాకు వినిపించింది. నా కుట్టు అంత తేలిగ్గా ఊడదు. ఆ తర్వాత అమ్మాయి చదవడం మొదలుపెట్టింది, పైకి, నా కోసం. ఆవిడ కెమెరా పట్టీ ఒక చెట్టు వేరుకు చిక్కుకుందట. ఎవరో చొక్కా కోసం వచ్చి నిలబడితే, కూర్చోమని చేత్తో సైగ చేశాను.

ఇంతలో ఫోన్‌లో టిక్కు టిక్కుమని చప్పుడు.

"పిన్ని చేస్తోందమ్మా."

మిషను చక్రం గట్టిగా పట్టుకున్నాను.

"తర్వాత మాట్లాడతాలే," అంది అమ్మాయి. "ఇప్పుడు మనం వేరు దగ్గర ఉన్నాం కదా. విను."

"వింటానుగానీ, ఆ వేరు గట్టిదేనా చూడవే ముందు," అన్నాను.