శ్రావణం నీళ్ళు

"పురుగులు నీళ్ళలో లేవు, నీ కళ్ళలో ఉన్నాయి," అన్నాడు కుక్కుటేశ్వరరావు, పెరటి పంచలోని దేవుడి గంగాళంలోకి కనీసం వంగి చూడకుండా.

భార్య కన్యక చూసింది. గోదావరికి ఎర్రనీళ్ళు రాకముందే శ్రావణమాసం పూజలకని అత్తగారు రత్నమాణిక్యం పట్టించిన తేటనీళ్ళవి. రేవు నుంచి బిందెలు మోసింది కన్యకే. నెల తిరిగేదాకా గంగాళం అడుగు కడగకూడదు, మడి కట్టుకోనివాళ్ళు ముట్టకూడదు. ఆ నియమం దోమలకి లేదు. వాటి పిల్లలు తోకలాడిస్తూ పైకీ కిందికీ తిరుగుతున్నాయి.

పొద్దున మునిసిపాలిటీ హెల్త్ ఇన్‌స్పెక్టరు గంగరాజు వచ్చి చెప్పాడు: "ఇది డెంగీ అమ్మా. పగలు కుట్టే దోమ, నిలవుంచిన మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుంది. ఈ వీధిలో ఇంటికొకరు మంచాన పడ్డారు. పారబోసేయండి." ఆయన వెళ్ళాక భర్త అడిగిందల్లా, "వాడు గంగాళం ముట్టుకోలేదు కదా?" అని.

జ్వరం ముందు అత్తగారికొచ్చింది, తర్వాత భర్తకి. కిరాణా కొట్లో పదిమందిని గదమాయించే మనిషి వారం రోజులు "అమ్మోయ్, ఎముకలు విరిగిపోతున్నాయే" అని మూలిగాడు. కన్యక కాళ్ళు పట్టింది, జావ తాగించింది, వాంతి గిన్నెలు కడిగింది. మూడు రోజుల కిందట తనకీ వచ్చింది. గోడ పట్టుకుని కాఫీ తెస్తే ఆయన అన్నాడు: "నాకొచ్చింది అసలు జ్వరం. నీది ఉత్త నీరసం." అత్తగారు అందుకుంది: "వరలక్ష్మీ వ్రతం దగ్గర పడుతోందిగా, పని తప్పించుకోడానికి." ఏడుపు రావలసిన చోట కన్యకకి నవ్వొచ్చింది. జ్వరంలోనూ భార్యకన్నా ఒక మెట్టు పైన పడుకోవాలనుకునే ఈ మనిషినా తను ఇన్నాళ్ళూ అంత పెద్దవాడిగా ఊహించుకుంది!

ఇంట్లో జ్వరం రానిది ఆరేళ్ళ కూతురు మీనాకుమారి ఒక్కతే. గంగాళం పక్కన కూర్చుని బొమ్మకి జడ వేస్తోంది. దాని మోచేతి మీద చారల కాళ్ళ దోమ వాలింది.

కన్యక ఆ దోమని కొట్టి చంపింది. స్నానమైనా చేయకుండా, అవే చేతులతో చెంబు ముంచి, నీళ్ళు తోడి పెరట్లో పోయడం మొదలుపెట్టింది.

"ఒరే, మడి లేకుండా ముట్టుకుందిరా!" అత్తగారు కేక పెట్టింది.

"ఎవర్నడిగి పారబోస్తున్నావే?" గదిమాడు భర్త.

"ఎవర్నీ అడగలేదండి."

ఆయన అరుస్తూనే ఉన్నాడు. కన్యక గంగాళాన్ని వంచేసి, కొబ్బరిపీచుతో అడుగు తోముతోంది. ఇన్నాళ్ళూ భర్తంటే తనకి భయమనుకుంది. ఆ భయం తీసేసి చూస్తే, అక్కడ భర్తంటూ ఎవడూ మిగల్లేదు.