మూడవ మూల

మేస్త్రీలలో ఒక నమ్మకం ఉంది: ఇంటి మూలలన్నిటికీ గునియా పట్టి చూడనక్కరలేదు, మొదటివి సరిగా పడితే కడపటి మూల తనంతట తానే సరిపోతుంది. గునియా అంటే మూల తొంభై డిగ్రీలు ఉన్నదీ లేనిదీ తేల్చే చెక్క మట్టం. ఈ నమ్మకంతోనే సీమోను మేస్త్రీ జహనుమా బస్తీలో సగం ఇళ్లకు పునాదులు తీశాడు. ఒక్క ఇంటికీ చివరి మూల మొరాయించలేదు. అవన్నీ నాలుగు మూలల ఇళ్లు కావడం ఇందుకు కారణం కావచ్చునని అతనికి తోచలేదు.

విఠల్‌రావు స్థలానికి మూలలు మూడే. ఎదుట వీధి, ఎడమ పక్క నుంచి వెనక్కి పరుచుకున్న బీడు, కుడి పక్క ఏటవాలుగా దుర్గయ్య దడి. పింఛను పుచ్చుకున్న గుమాస్తాకు దొరికింది ఆ ముక్కే. అద్దె ఇంటి యజమాని అప్పటికే వేరేవాళ్లకు మాట ఇచ్చాడు. జ్యేష్ఠంలో పునాదికి మిగిలింది ఒక్క ముహూర్తమే. అది దాటితే ఆషాఢం, ఆపైన వానలు. ఇంత ఇరుకులోనూ ఆయన భార్య అహల్య తన షరతు వదలలేదు.

"మూల వంకరపోయిన ఇంట్ల నేను కాలు పెట్టను."

పురోహితుడు సదాశివ దారి చూపించాడు. "మూడు మూలలైతే ఏమాయెనమ్మా? పొయ్యికి మూడు రాళ్లే గదా. మూడింటికీ గునియా పట్టాలె, గంతే. వెనకాల మూడోది ఆగ్నేయం, అక్కడ వంటిల్లు."

ముహూర్తం నాటి ఉదయం సీమోను వీధి పక్క ఎడమ మూలకు గునియా పట్టాడు. మొదటి తాడు హద్దు మీదే చక్కగా కుదిరింది. కుడి మూలకు పట్టి రెండవ తాడు లాగాడు. అది దడి దాటి దుర్గయ్య పెరట్లోకి పోయింది.

"ఫికర్ చెయ్యకుండ్రి రావుసాబ్," అన్నాడు సీమోను. "రెండు పడినంక మూడోది యాడికి పోతది?"

దుర్గయ్య బయటికి వచ్చాడు. "ఏంది భాయ్, నా బర్రెకు గూడ పునాది తీస్తున్నవా?"

"జర దాన్ని పక్కకు జరపన్నా. మూల పడంగనే తాడు తీస్త."

"ఎప్పుడు పడ్తది?"

"అయ్యగారిని అడుగు."

సదాశివ పంచాంగంతో ముందుకు చూపించాడు. "ఇంకొంచెం పోనియ్యుండ్రి. తొందరపడితే మూలలు పడయి."

తాళ్లు అయిపోతే బావి చేంతాడు కట్టారు. అదీ చాలక అహల్య బట్టలారేసే తాడు తెచ్చి ముడివేశారు. పెరడు దాటి, బీడు దాటి, రెండు తాళ్లూ రైలు పట్టాల వలె పక్కపక్కనే సాగాయి. సీమోనుకు గునియా మీద అనుమానం వచ్చింది. తిరగేసి పట్టాడు. తాళ్లు కదలలేదు.

బీడు చివరి దాకా నడిచి వెళ్లిన అహల్య, దుమ్ము కాళ్లతో తిరిగి వచ్చింది.

"అయ్యగారూ, వంటిల్లు మూడో మూలల అన్నరు గదా?"

"అవునమ్మా."

"ఆ మూల చాంద్రాయణగుట్ట దాక పోయినా పడేటట్టు లేదు. పొద్దుగాల అక్కడ పోపు పెడితే ఈయన ఇక్కడ రాత్రికి తింటరు."

"శ్రద్ధ ఉంటే పడ్తది తల్లీ."

"శ్రద్ధ మస్తుంది. తాడే అయిపోయింది."

విఠల్‌రావు గడియారం చూసి, భార్యవైపు చూశాడు. అహల్య కుడి తాడును దుర్గయ్య పెరట్లోంచి లాక్కొచ్చి, దడి వెంబడే నడిచి, వెనక ఎడమ తాడును ఆనుకుని ఉన్న హద్దురాయికి చుట్టింది.

"ఒక్కదానికి పట్టింది గదా, నాకు చాలు. ఈడ కొట్టు మేకు."

ఆమె లాగకముందు తాళ్ల నడుమ దూరం వీధి దగ్గర ముప్పై అడుగులు, బీడు చివర ముప్పై అడుగులు. మూడు మూలల్లో ఒకటి గునియాకు సరిపోయింది. తక్కిన రెండూ సరిపోలేదు. పునాదిరాయి ముహూర్తంలోపలే వేశారు. కార్తీకమాసంలో అహల్య ఆ ఇంట్లో, వెనక మూలన, పాలు పొంగించింది.