ఆకు మీద గులాబీలు

“ఇల్లంతా తడి కాగితాలే. బట్టలారేద్దామంటే తీగ ఖాళీ ఉండదు,” అని అత్తగారు సణిగినప్పుడల్లా, కోడలు గిన్నెలు తోముతూనే, ఇప్పుడే తీసేస్తానత్తయ్యా అనేది. వంటా, మామగారి మందులూ, ఉతుకుడూ అయ్యాక మిగిలిన కాస్త మధ్యాహ్నంలో ఆకుల బొమ్మలు వేసుకునేది. నీటిరంగులు పలచగా పూసి, తడి ఆరకముందే కాగితం పొరలు అంటించి, పైన సిరాతో ఈనెలు గీసేది. పురుగు కొట్టిన ఆకులంటే మరీ ఇష్టం. ఎందుకో తనకే తెలియదు. చూడముచ్చటగా ఏ పువ్వులో వెయ్యరాదూ, ఈ చిల్లులెవరు చూస్తారని భర్త నవ్వేవాడు.

అన్నిటికన్నా పెద్ద ఆకు, ఎన్నో మధ్యాహ్నాలు కూర్చుని వేసినది, ఒకనాడు కనబడలేదు. జల్లు కొట్టి పాడైతే పారేశానన్నాడు భర్త. అంతకుముందు కూడా కొన్ని అలాగే పాడయ్యాయి. కిటికీ మూయడం తనే మరిచిపోయింది కాబోలని ఆమె తనను తానే తిట్టుకుంది.

ఆ ఆదివారం భర్తగారి మేనేజరు భోజనానికి పిలిస్తే వెళ్లారు. హాల్లో గోడకి, బంగారు రంగు ఫ్రేములో, ఆ ఆకు. చిల్లులున్న చోటల్లా ఎర్రటి గులాబీలు. ఈనెలు తనవే. గులాబీలు ఎవరివో తెలియదు. బొమ్మ పోలేదని సంతోషించాలా, ఇలా అయిందని ఏడవాలా? నలుగురూ చూసే గోడ మీదికెక్కింది కదా, మురిసిపోవాలేమో. ఏదీ తేలలేదు.

“మీరే వేశారటగా? ఆ గులాబీలు కోసుకోవాలనిపిస్తోంది,” అంది మేనేజరు భార్య.

భర్త కళ్లతోనే బతిమాలాడు. థాంక్స్ అనేస్తే సరిపోయేది. ఆ మాట కోసమే నోరు తెరిచింది కూడా.

“ఆకు నాదండీ. పువ్వులు నావి కావు.”

మేనేజరు భార్య దగ్గరకెళ్లి చూసింది. “మరి వీటి కింద ఏముండేది?”

“చిల్లులు.”

తిరుగు దారిలో భర్త, ఫ్రేములు కట్టేవాడితో పువ్వులు వేయించి బాగు చేయించానన్నాడు, పరువు తీశావన్నాడు, అయినా పేరు నీదే చెప్పాను కదా అన్నాడు. అతనిదీ న్యాయమేనేమో అనిపించింది. కాదేమో అనీ అనిపించింది. ఇంటి ముందు కారు ఆగినా ఆమె కదల్లేదు.

“పాడయ్యాయన్న మిగతావి ఎవరిళ్లలో ఉన్నాయి?”

“ముందు దిగు. అమ్మ చూస్తోంది.”

“చెప్పండి. విన్నాక దిగుతాను.”