అవ్వ కడియాలు అమ్మిన సోమవారం

మా సిరిసిల్లలో ఎవరూ ఏదీ అమ్ముకోరు. ‘పెట్టి’ వస్తారు. బిందె పెట్టి వస్తారు, పుస్తెల గుండ్లు పెట్టి వస్తారు. సేటు దగ్గర కుదువ పెట్టడమన్న మాట. అది ఇక ఇంటికి రాదని పెట్టినవాడికీ తెలుసు, పెట్టించుకున్న సేటుకూ తెలుసు. అయినా ‘అమ్మిన’ అనే మాట నోట రాదు. అమ్ముకున్నాడంటే ఆ ఇల్లు మునిగినట్టు. పెట్టాడంటే రేపో మాపో విడిపించుకునే మొగాడన్నట్టు. ఆ ఒక్క మాట మర్యాద కోసం మా సాలెవాడంతా సగం ధరకే సొమ్ములు పోగొట్టుకుంది. మా బాపు “మన గంగాళం సేటు దగ్గర భద్రంగ ఉన్నది” అనుకుంటూనే చచ్చిపోయాడు. అప్పటికి ఆ గంగాళంలో ఎవరింట్లోనో ఎన్ని పెళ్లిళ్లకు నీళ్లు కాగాయో!

నన్ను నాలుగో తరగతిలో బడి మాన్పించి మగ్గం గుంతలో దింపారు. మగ్గాలు పోయి కరెంటుతో నడిచే సాంచెలు వచ్చాక రాయమల్లు షెడ్డులో కూలికి చేరాను. నా చేతుల మీద ఎన్ని వేల గజాల గుడ్డ దిగిందో లెక్క లేదు. నా ఒంటి మీద మాత్రం అదే అంగీ.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రెండో ఏడు, సిద్దిరాములు భీవండికి పోతూ తన పాత సాంచెను అమ్మకానికి పెట్టాడు. నేను బయానా ఇచ్చాను. మిగతా నూట ఇరవై సోమవారం పొద్దుగూకేలోగా ఇవ్వాలి. లేకపోతే సాంచె వేరేవాళ్లకు పోతుంది, బయానా కూడా పోతుంది. సంగతి తెలిసి రాయమల్లు షెడ్డులో అందరి ముందూ నవ్వాడు.

“ఏందిరా కైలాసం, సావుకారివి అయితున్నవట? సాంచె నడుపుడు వేరు, సాంచెకు మాలిక్ అయ్యుడు వేరు. గా బయానా పైసలకు కల్లన్న తాగకపోతివి!”

ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు. తెల్లారి లేచి చూస్తే నన్ను కన్న మా అవ్వ దేవవ్వ కాళ్లకు సబ్బు నురగ రాసుకుని కడియాలు లాగుతోంది. అరవై తులాల వెండి. పెళ్లినాడు వేసుకున్నవి, బాపు ఎంత ఏడ్చినా సేటు దగ్గరికి పోనియ్యనివి.

“అట్ల చూస్తవేందిరా? ఇంకో కాలు పట్టుకొని గుంజు” అంది.

సిరిసిల్లలో అయితే పది కళ్లు చూస్తాయని వేములవాడ పోదామన్నాను. గుడి దగ్గరి దుకాణంలో మమ్మల్ని ఎరిగినవాళ్లు ఉండరు. బస్సు దిగి, కడియాల మూట కండువా కింద దాచుకుని దుకాణం మెట్లెక్కాను. సోమవారం కాబట్టి దేవుని దగ్గరికి వచ్చినవాళ్లతో బజారు కిటకిటలాడుతోంది. దుకాణంలో అప్పటికే ఇచ్చోడ నుంచి వచ్చిన మొగుడూ పెళ్లాలు కూర్చుని, కొత్త కోడలికి కడియాలు చూస్తున్నారు. ఆ అత్త పేరు కనకవ్వ అని తర్వాత తెలిసింది. సేటు ఆమెకు చూపిస్తున్నవి పైకి బాగా మెరుస్తున్నాయి గానీ లోపల డొల్ల.

మా మూట విప్పి తూకం వేసి సేటు అడిగాడు. “ఎంతకు పెడుతవు?”

“మీరే చెప్పుండ్రి సేటు” అన్నాను.

“అరవై ఇస్త. వడ్డీ మామూలే.”

నేను తలూపబోతున్నాను. అవ్వ నన్ను పక్కకు జరిపి ముందుకు వచ్చింది.

“పెట్టుడెవలు పెడుతుండ్రు? నేను అమ్మెతందుకు వచ్చిన.”

బజారంతా వినేటట్టు అంది. నాకు చెవులు కాలిపోయాయి. కొంగు పట్టి లాగాను. విడిపించుకుంది.

“జర మెల్లగ మాట్లాడు అవ్వా, అందరు వింటుండ్రు” అన్నాడు సేటు.

“విననియ్యి. దొంగసొమ్మా? నా కాళ్లయి, నేను అమ్ముకుంటున్న. పెడితే నేను మళ్ల వస్తనో రానో అని సగమే ఇస్తవు. మంచిదే. నేను మళ్ల రాను పో! ఇగ నీకేం ఫికర్? పూర ఇయ్యి.”

సేటు కడియాలను మళ్లీ తక్కెట్లో వేశాడు.

“పాత మాల్. అరిగింది. తరుగు తీస్తే తొంబై.”

“ముప్పై ఏండ్లు నేను నడిస్తే అరగనియి నీ తక్కెట్ల అరిగినయా?”

కనకవ్వ ఫక్కున నవ్వింది. మొగుడు కసిరినా వినకుండా లేచి వచ్చి మా కడియం చేతిలోకి తీసుకుంది. బరువు చూసింది, గోరుతో గీకింది.

“బాయి, గివి మస్తున్నయి. నూటిరవై నేనే ఇస్త, నాకియ్యి” అంది అవ్వతో.

నూట ఇరవై! నేను నోరు తెరిచేలోగా అవ్వ నా తొడ మీద గిచ్చింది. ఇంతలో కనకవ్వ మొగుడు అడ్డం వచ్చాడు.

“ఎవలో ఏందో, తెల్వనోళ్ల దగ్గర మనకు వద్దు. రేపు పోలీసోడు అడిగితే? సేటైతే చిట్టీ రాసిస్తడు.”

“అయితే సేటు కొననీ, నేను సేటు దగ్గర కొంట. నాకైతే గివే కావాలె” అని కనకవ్వ భీష్మించుకుని కూర్చుంది.

సేటు మొహం వికసించింది. “సరే అవ్వా, నూటిరవై తీసుకో” అని గల్లాపెట్టె మీద చెయ్యి వేశాడు.

“నూట ముప్పై” అంది అవ్వ.

“అరే! ఇప్పుడేగదా నూటిరవై అన్నరు!”

“అన్నది గామె. నేనన్నన్నా? గామెకు గివే కావాల్నంట. నువ్వు వద్దంటే చెప్పు, బజార్ల ఇంకో దుకాణం లేదా?” అని మూట కట్టడం మొదలుపెట్టింది.

కనకవ్వ కూడా లేచింది. “పా బాయి, నేను నీ ఎంబడే వస్త” అంది.

సేటు నూట ముప్పై ఇచ్చాడు. ఆ తర్వాత కనకవ్వకు ఎంతకు అంటగట్టాడో నాకు అనవసరం. సేట్లు నష్టపోయినట్టు నేనెన్నడూ వినలేదు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి, “తమ్మీ, గిట్ల బేరం చేసేటోళ్లను మళ్ల తీసుకరాకు” అన్నాడు నాతో. అవ్వ తిరిగి కూడా చూడలేదు.

పొద్దుండగానే సిద్దిరాములు చేతిలో పైకం పోశాను. సాంచెను విప్పి బండికెత్తాం. బండి తోలే వెంకటి, ఎప్పటిలాగే మా పరువు కాపాడుదామని, “వెనక గల్లీ నుంచి పోదామా అన్నా?” అన్నాడు. సాలెవాడలో సామాను రావడమైనా పోవడమైనా వెనక గల్లీ నుంచే.

“నడి బజార్ల నుంచే పోనియ్యి” అన్నాను.

అవ్వ సాంచె ఇనుము పట్టుకుని బండి మీదే కూర్చుంది. దారి పొడుగునా గడపల్లో ఆడవాళ్లు నిలబడి అడుగుతున్నారు.

“ఎవల సాంచె దేవవ్వా?”

“మా కైలాసంది.”

“పైసలకేం పెట్టిండ్రు?”

“పెట్టలే. నా కడియాలు అమ్మిన. నూట ముప్పైకి!” అని అవ్వ ప్రతి గడపకూ చెప్పింది. ఒకావిడ గబుక్కున నోటి మీద చెయ్యి వేసుకుంది. అప్పుడు నేను తల వంచుకోలేదు.

రాయమల్లు తన షెడ్డు ముందుకు వచ్చి నిలబడ్డాడు. బండి చుట్టూ తిరిగి చూశాడు.

“పాతది గదరా” అన్నాడు.

“పాతదే. రేపటి సంది నేను పనికి రాను” అన్నాను.

ఆయన ఇంకేదో అనబోయాడు గానీ, “ఎడ్లకు ఆకలైతున్నది, తోలురా వెంకటీ” అని అవ్వ పైనుంచి కేకేసింది.